ఏటి మెలిక అవతల

"నువ్వేం చెయ్యక్కర్లేదు వసూ. ఊరికే కూర్చుంటే చాలు. పడవ నడిపేది మేం కదా" అన్నాడు హరనాథ్.

ఆ మాట అనేటప్పటికి వసుమతి ఇర్వింగ్‌లోని తమ ఇంటి వంటగదిలో నిలబడి, ఏడుగురికి అయిదు రోజులకు సరిపడా ఉప్మా రవ్వ వేయిస్తోంది. పక్కన పులిహోర పులుసు చల్లారుతోంది. కందిపొడి, కరివేపాకు పొడి, వేయించిన సేమ్యా, ముందే కాల్చి దొంతర పెట్టిన చపాతీలు, ఆవకాయ, టీపొడి, పాలపొడి, హరనాథ్ బీపీ మాత్రలు, కూతురు హంసిక అలర్జీ మాత్రలు, అన్నీ పేర్లు రాసిన డబ్బాల్లోకీ సంచుల్లోకీ చేరుతున్నాయి. మూడు రోజులుగా హాస్పిటల్ ఫార్మసీలో డ్యూటీ దిగి వచ్చాక ఆమె చేస్తున్నది ఇదే పని. యూటాలో గ్రీన్ రివర్ అనే ఏటి మీద, ఊరూ రోడ్డూ సెల్ సిగ్నలూ లేని ఎర్రరాతి లోయల్లో, అయిదు రోజులు కెనూలనే సన్నటి తెడ్డు పడవల్లో ప్రయాణం. 2010 సెప్టెంబరు. హరనాథ్ దాన్ని ట్రిప్ అనడు, ఎక్స్‌పెడిషన్ అంటాడు. ఆఫీసులో కూడా అలాగే చెప్పుకున్నాడు. నేను రాకపోతే ఏమవుతుంది అని వసుమతి ఒకసారి అడిగింది. "నువ్వు రాకపోతే ఎలా? మరి వంట?" అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ ఆశ్చర్యం ఆమె మనసులో ఉండిపోయింది. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదేమో. ఆశ్చర్యానికి ఏం జవాబు చెబుతారు ఎవరైనా?

గ్రాండ్ జంక్షన్ దాకా విమానంలో వెళ్లి, అక్కణ్ణుంచి అద్దె వ్యాన్‌లో నదికి చేరారు. మగవాళ్లు మ్యాపులు చూసుకోవాలి కనక వ్యాన్ నడిపింది వసుమతే. తాళాలు కూడా ఆమె నడుముకి కట్టుకున్న చిన్న సంచీలోనే ఉండిపోయాయి. హరనాథ్, తను, పందొమ్మిదేళ్ల హంసిక ఒక కుటుంబం. హరనాథ్ స్నేహితుడు శ్రీరామ్, అతని భార్య మీనాక్షి, హంసిక ఈడుదే వాళ్ల కూతురు అనన్య ఇంకో కుటుంబం. ఏడో మనిషి డాక్టర్ విశ్వనాథం గారు. ఆయన డెబ్భై ఒకటిలో ఈ దేశం వచ్చి, గుండె డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయిన దగ్గర్నుంచీ ఎవరు ఎక్కడికి పిలిచినా కాదనకుండా బయల్దేరుతున్నారు. ఉన్నవి మూడు కెనూలు. ఒక్కోదాంట్లో ఇద్దరేసి ఎక్కితే ఒకరు మిగులుతారు. ఆ మిగిలినవాళ్లు కూలర్లకీ నీళ్ల డబ్బాలకీ మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. ఆ చోటు ఎవరిదన్న చర్చే రాలేదు.

మొదటిరోజు ఒడ్డున తెడ్లు పంచుతుంటే వసుమతి కూడా చెయ్యి చాపింది. శ్రీరామ్ నవ్వాడు. "వదినకు ఇంట్ల తెడ్డు ఉండనే ఉన్నది గదా, పులిహోర కలిపేది. ఈ తెడ్డు మాకు ఇడిసిపెట్టు వదినా" అన్నాడు. అందరూ నవ్వారు. హరనాథ్ అందరికంటే కొంచెం ఎక్కువ నవ్వాడు. వసుమతి కూడా నవ్వింది. పెళ్లయిన కొత్తలో ఇలాంటి వాటికి నవ్వేది కాదు. "మావిడకి హాస్యం తెలీదు" అని హరనాథ్ నలుగురిలో క్షమాపణ చెప్పడం మొదలుపెట్టాక నేర్చుకుంది. చాపిన చెయ్యి ఊరికే వెనక్కి తీసుకుంటే బావుండదని, ఆ చేత్తోనే నీళ్ల డబ్బా ఒకటి అందుకుని పడవలో పెట్టింది.

ఆ నదికి ఒక నియమం ఉంది. మనుషులు వదిలే మలమంతా ఇనప పెట్టెలో పట్టి, మూత బిగించి, చివరిదాకా తమతోనే తీసుకుపోవాలి. ఇసుకలో పూడ్చకూడదు. పడవలు అద్దెకిచ్చినవాళ్లు ఆ పెట్టె ఎలా వాడాలో చూపిస్తుంటే మగవాళ్లు మొహాలు చిట్లించి పక్కకి తిరిగారు. పిల్లలు ముక్కులు మూసుకుని కిచకిచలాడారు. శ్రద్ధగా విన్నది వసుమతి ఒక్కతే. విన్న పాపానికి ఆ పని ఆమెదైంది. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ చెయ్యలేదు, అంతే. రోజూ పొద్దున్నే అందరి అవసరాలూ తీరాక పెట్టె మూత బిగించి, రబ్బరు పట్టీ తుడిచి, చుట్టూ ఇసుక సర్ది, మోసుకొచ్చి పడవలో పెట్టేది ఆమే.

నది మాత్రం వసుమతి అనుకున్నట్టు లేదు. చప్పుడు లేదు దానికి. మట్టిరంగు నీళ్లు నూనె జారినట్టు జారుతుంటాయి. పడవ కదులుతున్నట్టే ఉండదు, రెండు పక్కలా ఎర్రటి గోడలే ఆకాశమంత ఎత్తున వెనక్కి జరిగిపోతున్నట్టు ఉంటుంది. ఎవరైనా మాట్లాడితే ఆ మాట ఎదుటి గోడకి తగిలి, కాస్త ఆలస్యంగా, కాస్త వేరే గొంతుతో తిరిగొచ్చేది. మొదట్లో పిల్లలు కేకలు వేసి ఆడుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నానికి ఎవరూ చెప్పకుండానే మానేశారు. "ఇక్కడ మనం కాకుండా ఇంకెవరో ఉన్నట్టు లేదూ?" అంది మీనాక్షి ఒకసారి, మెల్లగా. హరనాథ్ అది ఎకో అనీ, ధ్వనివేగం ఇంతనీ వివరించాడు. మీనాక్షి తలూపింది కానీ ఆ తర్వాత గొంతు తగ్గించే మాట్లాడింది.

రెండో రోజు సాయంత్రం ఏటి మెలిక దగ్గర ఆగారు. అక్కడ నది ఏడు మైళ్లు చుట్టు తిరిగి, మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చినట్టు, అదే కొండగోడకి రెండోవైపు వస్తుంది. ఇటు నది, అటు నది, మధ్యలో ఒక సన్నటి గోడ. గోడ ఒకచోట గుర్రపు జీనులా కిందికి వంగి ఉంటుంది, అక్కడికి ఎక్కితే రెండు వైపులా కనపడుతుంది. "రేపు ఇదంతా చుట్టి, లంచ్‌కి సరిగ్గా ఈ గోడ వెనక్కే వస్తాం" అన్నాడు హరనాథ్, ఇసుకలో వేలితో గీసి చూపిస్తూ. అందరూ ఆ వంపు దాకా ఎక్కి చూసొస్తామని వెళ్లారు. అన్నం వండాలి కనక వసుమతి కింద ఉండిపోయింది. కాసేపటికి, "వసూ, అన్నం అయిందా?" అని సరిగ్గా చెవి పక్కన వినపడింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. స్టవ్ మంట, నది, పొదలు. తలెత్తితే ఎక్కడో పైన వంపు మీద చీమలంత మనుషులు. "ఆ, అయిపోవచ్చింది" అంది మామూలుగానే. పైనించి నవ్వులు వినపడ్డాయి. అంత దూరానికి ఆమె మాట అందింది.

మూడో రోజు పొద్దున్నే పిల్లలిద్దరూ కొంగల్ని చూడాలని అందరికంటే ముందు బయల్దేరారు. "అమ్మా, మాతో రా, ప్లీజ్" అంది హంసిక. ఇంకా పనుందే, మీరు పదండి అంది వసుమతి. ఆ పిలుపు మీనాక్షి విన్నది, జవాబు వినలేదు. హరనాథ్, శ్రీరామ్ ఇవాళ తామిద్దరం ఒక పడవలో వెళ్లి పిల్లల్ని దాటేస్తామని పందెం వేసుకున్నారు. మూడో పడవ మీనాక్షికీ డాక్టర్ గారికీ మిగిలింది. సామాన్లన్నీ ఎక్కించేశారు. వసుమతి బట్టల సంచీ కూడా ఎక్కింది. అప్పుడామె రెండు వందల అడుగుల అవతల, సన్నాకుల పొదల చాటున, ఇనప పెట్టె మూత మరలు బిగిస్తోంది. ఒక మర పట్టుకోలేదు. ఇసుక చేరింది. విప్పి, తుడిచి, మళ్లీ బిగించింది. సగం నీళ్లున్న సీసాతో చేతులు కడుక్కుంది. పెట్టె రెండు చేతులా పట్టుకుని, ఆగుతూ ఆగుతూ ఒడ్డుకి వచ్చేసరికి ఒడ్డున ఎవరూ లేరు.

వేళాకోళం అనుకుంది ముందు. పెట్టె దింపి, నవ్వడానికి సిద్ధంగా మొహం పెట్టుకుని నిలబడింది. శ్రీరామ్ పొదల్లోంచి వస్తాడు, హరనాథ్ వెనకే వస్తాడు. ఎంతసేపు నిలబడిందో. నీడ కాస్త జరిగింది. నది మలుపు దగ్గర నీళ్లు మెరుస్తున్నాయి తప్ప ఏమీ లేదు. అప్పుడు పిలిచింది. "ఏమండీ" అని. ఎదుటి గోడ "ఏమండీ" అంది. దాని పక్క గోడ "అండీ" అంది. ఎవరో ఇంకొకావిడ, ఎవరి భార్యో, చాలాకాలంగా ఇక్కడే ఉండి పిలుస్తున్నట్టుంది ఆ గొంతు. వసుమతి మళ్లీ పిలవలేదు.

కూర్చుని ఆలోచించింది. ఫార్మసీలో మందుల లెక్క తప్పితే వెనక్కి వెనక్కి వెళ్లి ఎక్కడ తప్పిందో పట్టుకోవడం ఆమెకి అలవాటే. హరనాథ్ తను మీనాక్షి పడవలో ఉందనుకుంటాడు. మీనాక్షి తను పిల్లలతో ముందే వెళ్లిందనుకుంటుంది. పిల్లలు తను ఎప్పటిలా వాళ్ల నాన్న పడవలో మధ్యన ఉందనుకుంటారు. ప్రతి పడవకీ తను పక్క పడవలో ఉంది. ఎవరి తప్పూ లేదు. అది తెలిశాక భయం తగ్గాల్సింది, పెరిగింది. ఎవరైనా కావాలని వదిలేస్తే కనీసం వాళ్ల మనసులో అయినా తను ఉండేది.

ఇసుక మీద అడుగుజాడలు ఉన్నాయి. ఆరుగురివీ పడవల దాకా వెళ్లి ఆగిపోయాయి. మిగతావన్నీ ఆమెవే. స్టవ్ నుంచి నీళ్లకి, నీళ్ల నుంచి గుడారాలకి, గుడారాల నుంచి స్టవ్‌కి, అందరి జాడల మీదా ఆమె జాడలే తొక్కుకుంటూ పోయాయి. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా చూస్తే, రాత్రి ఇక్కడ ఒకే ఒక్క మనిషి ఉందనీ, ఆమె కుదురుగా ఒక్కచోట కూర్చోలేదనీ అనుకుంటారు.

ఎక్కడో ఒడ్డు కోసుకుపోయి ఇసుకపెళ్ల ఒకటి ధబ్బున నీళ్లలో పడింది. "ఆ, వస్తున్నా" అంది వసుమతి. అనేశాక గానీ తెలియలేదు, అన్నానని. ఇసుకపెళ్లకి పలికింది తను. అత్తగారు ధనమ్మ కాపురానికి వచ్చిన మొదటిరోజే చెప్పింది, "మా ఇంట్లో రెండో పిలుపు ఉండదమ్మాయ్, మొదటి పిలుపుకే పలకాలి" అని. ఆవిడ ఏటా ఆరు నెలలు వచ్చి ఉన్నప్పుడు స్నానాల గదిలోంచీ, జ్వరంలోంచీ, పురిటి మంచం మీంచీ కూడా పలికింది. ఫార్మసీలో మేనేజరు ఆమె పేరు పలకలేక "వాస్" అంటాడు, దానికీ పలికింది. హరనాథ్ పార్టీల్లో చెప్పే కథ ఒకటుంది. "మావిడ నిద్రలో పిలిచినా పలుకుతుందండీ. ఒకసారి టెస్ట్ చేద్దామని వసూ కాఫీ అన్నా. కళ్లు తెరవకుండా, వస్తున్నా, చక్కెర ఎంత అంది." జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఎవరో ఒకావిడ మాత్రం నవ్వకుండా ఆమె వైపు చూసేది, ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకావిడ. ఇప్పుడు ఈ ఏటి ఒడ్డున, ఎవరూ పిలవకుండానే పలికాక, అప్పుడు వాళ్లందరూ ఏం చూశారో వసుమతికి తెలిసింది. నిద్రలో ఆమె నోటితో మాట్లాడింది ఎవరు? అప్పుడు తను ఎక్కడుంది?

ఎండ ఎక్కుతోంది. సీసాలో నాలుగు గుక్కల నీళ్లున్నాయి. వెళ్లినవాళ్లు ప్రవాహానికి ఎదురు తెడ్డేసుకుంటూ ఏడు మైళ్లు వెనక్కి రాలేరు. లంచ్ గోడ వెనకే అన్న మాట గుర్తొచ్చింది. ఇనప పెట్టెని ఒడ్డున మెరక మీదికి లాగి ఉంచి, సీసా తీసుకుని, నిన్న అందరూ ఎక్కిన దారిన కొండ ఎక్కడం మొదలుపెట్టింది.

ఒంటరిగా అంత ఎత్తు ఎక్కడం ఆమె జీవితంలో మొదటిసారి. రాళ్లు జారుతున్నాయి. చెప్పుల్లో గులకలు గుచ్చుకుంటున్నాయి. నల్లటి బొంతకాకి ఒకటి తలమీదుగా ఎగిరింది, దాని రెక్కల చప్పుడు గుడ్డ దులిపినట్టు స్పష్టంగా వినపడింది. ఊపిరి అందక ఆగినప్పుడల్లా పక్కనే ఇంకెవరో రొప్పుతున్నట్టు వినపడేది. తను శ్వాస బిగబడితే అదీ ఆగేది. నాది నాకే వినపడుతోంది అనుకుంది. అనుకున్నాక కూడా రెండుసార్లు పక్కకి చూసింది.

వంపు మీదికి చేరేసరికి రాళ్ల మీద పేర్లు కనిపించాయి, వందేళ్ల నించీ ఈ దారిన పోయిన పడవలవాళ్లు చెక్కుకున్నవి. అవతలి వైపు తొంగి చూసింది. కింద అదే నది, ఇంకో వైపు నించి వస్తూ. ఇసుక మేట మీద మూడు ఎర్ర కెనూలు. ఆరుగురు మనుషులు.

ప్రాణం లేచొచ్చింది. అప్పుడే దిగినట్టున్నారు, పడవలు ఇంకా లాగుతున్నారు. పిల్లలు కాళ్లు కడుక్కుంటున్నారు. మీనాక్షి చాప పరుస్తోంది. వాళ్ల మాటలు ఒక గదిలో కూర్చుని వింటున్నట్టు వినపడుతున్నాయి. నేనిక్కడున్నా అని అరవడానికి ఊపిరి పీల్చుకుంది. అదే క్షణంలో హరనాథ్, ఆమె వైపు వీపు పెట్టి, కూలర్ల మీద వంగి, తలెత్తకుండా అన్నాడు.

"వసూ, ఆవకాయ ఎందులో పెట్టావ్?"

"నీలం కూలర్‌లో. అడుగున, పెరుగు పక్కన" అంది వసుమతి.

అరవలేదు. ఇంట్లో చెప్పినట్టే చెప్పింది. అరవాల్సిన మాట గొంతులోనే ఉండిపోయి, ఈ మాట దానంతటదే బయటికి వచ్చింది. రాయి దాన్ని అందుకుని కిందికి తీసుకుపోయి అతని చెవి దగ్గర పెట్టింది. హరనాథ్ నీలం కూలర్ తెరిచాడు. పెరుగు పక్కన చెయ్యి పెట్టాడు. సీసా తీశాడు. చుట్టూ చూడలేదు.

వసుమతి అలాగే నిలబడిపోయింది. కాళ్ల కింద రెండు వైపులా నది పోతోంది. కింద ఆవకాయ సీసా మూత తిరుగుతున్న చప్పుడు కూడా వినపడింది.

"అమ్మ ఏది?" అంది హంసిక, చాప మీదికి వస్తూ.

"ఇక్కడే ఎక్కడో ఉంది. ఇప్పుడే మాట్లాడిందిగా" అన్నాడు హరనాథ్.

వాళ్లు తిన్నారు. వసుమతి చూసింది. చపాతీలు బాగా మెత్తగా ఉన్నాయన్నారు డాక్టర్ గారు. కొంగలు ఎన్ని కనిపించాయో పిల్లలు చెప్పారు. పందెం ఎవరు గెలిచారన్న దాని మీద శ్రీరామ్ వాదించాడు. మీనాక్షి ఒక ప్లేట్లో రెండు చపాతీలు పెట్టి పైన ఇంకో ప్లేటు మూసి ఉంచింది. "వసుమతికి ఉంచాను, ఎవరూ తీయకండి" అంది. ఆ మూసిన ప్లేటు వైపు ఎవరూ మళ్లీ చూడలేదు. ఇరవై రెండేళ్లుగా తను వండి పెడుతున్న భోజనం తను లేని చోట ఎలా సాగుతుందో వసుమతి మొదటిసారి పైనించి చూసింది. ఏమీ తేడా లేదు. అదే ఆమెని భయపెట్టింది. తను పోయాక కూడా ఇలాగే, ఏ డబ్బా ఎక్కడుందో గొంతు ఒకటి చెబుతూ ఉంటే, వాళ్లకి ఎన్నాళ్లు తెలియకుండా ఉంటుంది?

చివరికి లేచింది హంసికే. "అమ్మ ఇంకా రాలేదు, ఫుడ్ కోల్డ్ అవుతుంది" అంటూ పొదల వెనక్కి వెళ్లింది. "అమ్మా" అని రెండుసార్లు పిలిచింది. తిరిగి వచ్చినప్పుడు ఆ పిల్ల మొహంలో రంగు లేదు.

"అమ్మ లేదు అక్కడ. డాడ్, అమ్మ ఏ బోట్‌లో వచ్చింది?"

"మీనాక్షి గారితో" అన్నాడు హరనాథ్.

"మాతో కాదండీ. పిల్లలు రమ్మన్నారుగా, వాళ్లతో వెళ్లిందనుకున్నా" అంది మీనాక్షి.

"ఆంటీ మాతో రాలేదు" అంది అనన్య.

డాక్టర్ గారు చేతిలో చపాతీ ముక్క కింద పెట్టి, నెమ్మదిగా అడిగారు. "మరి ఇందాక మాట్లాడిందెవరు?"

మీనాక్షి చీర కొంగు లేకపోయినా ఉన్నట్టు భుజాల చుట్టూ చేతులు చుట్టుకుంది. శ్రీరామ్ పొదల వైపు చూశాడు, నీళ్ల వైపు చూశాడు, పైకి మాత్రం ఎవరూ చూడలేదు. "వ్యాన్ తాళాలు తన దగ్గరే ఉన్నాయి" అన్నాడు హరనాథ్. అన్న తర్వాత ఆ మాట తనకే వినపడిందేమో, ఇసుకలో కూలబడ్డాడు. మళ్లీ లేచి నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి అరవడం మొదలుపెట్టాడు. "వసూ. వసూ. వసుమతీ." పూర్తి పేరు పెట్టి అతను పిలవగా ఆమె ఎప్పుడూ వినలేదు. గొంతు పగిలింది. ఆ భయం నిజమైనదని ఆమెకి తెలుసు.

"ఆ" అనడానికి నోరు తెరుచుకుంది. వసుమతి అరచేత్తో నోరు గట్టిగా మూసుకుంది. మూసుకున్న చేతికింద పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఎవరివో అయినట్టు. పిలుపు గోడల మీద నాలుగుసార్లు తిరిగి, ఎక్కడా తగలకుండా ఆగిపోయింది. ఇరవై రెండేళ్లలో పలకకుండా పోయిన మొదటి పిలుపు అదే.

ఆమె దిగడం మొదలుపెట్టింది. అటువైపు దారి నిటారుగా ఉంది. కూర్చుని, చేతులు ఆనించి, అడుగు అడుగు దిగింది. కింద హంసిక ఏడుపు మొదలైంది. అది వినగానే కాళ్లు తొందరపడ్డాయి. మోచెయ్యి చీరుకుపోయింది, సీసా జారి ఎక్కడో పడింది. నోరు మాత్రం తెరవలేదు. బిడ్డకి కావలసింది తన గొంతు కాదు, తను.

పొదలు తప్పించుకుని ఆమె ఇసుక మీదికి వచ్చేసరికి అందరూ నది వైపే చూస్తున్నారు. ముందు చూసింది మీనాక్షి. రెండడుగులు వెనక్కి వేసింది. నది మీంచి రావలసిన మనిషి రాతిగోడలోంచి వచ్చింది, మోకాళ్ల దాకా ఎర్రటి దుమ్ము, మోచేతి నించి నెత్తురు. హంసిక పరుగున వచ్చి పట్టుకుంది. ఆ పిల్ల వణుకు తగ్గేదాకా వసుమతి వీపు నిమురుతూ నిలబడింది. డాక్టర్ గారు వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూశారు. చాలాసేపు చూశారు. అందరికోసం చూస్తున్నట్టు చూశారు. తర్వాత వదిలి, "ఉంది" అన్నారు.

హరనాథ్ నీళ్లలోంచి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె భుజం పట్టుకోబోయి, ఎందుకో ఆగాడు.

"ఇంతసేపట్నించీ గొంతు చించుకుంటున్నా, పలకవేం?"

"పలికాను" అంది వసుమతి. "మీకు అది సరిపోయింది."

అతనికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. తలెత్తి గోడ వంపు వైపు చూశాడు, తర్వాత మూత తీసి ఉన్న నీలం కూలర్ వైపు చూశాడు. మొహం మీదికి ఏదో వచ్చి ఆగింది.

"పెట్టె గోడకి అవతల, రాత్రి మనం పడుకున్న ఒడ్డున మెరక మీద ఉంది" అంది వసుమతి, చాప మీద కూర్చుని, మూసిన ప్లేటు తీసుకుంటూ. "అది లేకుండా వెళ్తే పార్కు రేంజర్లు ఊరుకోరు. మీరిద్దరూ వెళ్లి తెండి. బరువుగా ఉంటుంది, మర ఒకటి వదులు. వంచకుండా మొయ్యండి."

హరనాథ్, శ్రీరామ్ వెళ్లారు. కొండెక్కి, దిగి, ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని, అయిదుగురివీ తమవీ మోసుకుంటూ తిరిగి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ వసుమతి కాళ్లు చాపుకుని నీడలో కూర్చుంది. చాపిన కాళ్లవైపు ఆమే కొత్తగా చూసుకుంది. మిగిలిన రెండు రోజులూ హంసిక పడవలో ముందు సీటులో కూర్చుని తెడ్డేసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అనన్యే మధ్యలోకి మారింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎవరైనా దేనికోసమైనా ఆమెని పిలవబోయి, సగంలో ఆగి, లేచి దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. మీనాక్షి అయితే అడిగే ముందు చెయ్యి తాకి చూసేది.

ఇర్వింగ్ తిరిగొచ్చాక వసుమతి ఒక్కటే చెప్పింది. "ఇకమీదట పిలిస్తే పలకను. మాట్లాడాల్సింది ఉంటే నా దగ్గరికి వచ్చి, నా మొహం చూసి మాట్లాడండి." అంతకంటే ఏమీ మారలేదు. వంట చేసింది, డ్యూటీకి వెళ్లింది, బట్టలు మడిచింది. పిలుపులకి మాత్రం పలకలేదు. నవంబరులో వచ్చిన ధనమ్మ రెండు రోజులు పిలిచి పిలిచి, "అమ్మాయికి చెవులు పోయాయేమోరా, డాక్టరుకి చూపించు" అంది కొడుకుతో. హరనాథ్ తల్లికి ఏమీ చెప్పలేదు. అతనికి ఆ నిశ్శబ్దం పడలేదు. మొదట విసుక్కున్నాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత భయపడ్డాడు. టీవీ చూస్తూ ఉన్నట్టుండి సౌండ్ తగ్గించి చెవి ఒగ్గేవాడు. ఒక శనివారం మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, ఎవరూ లేరని చూసి, గరాజ్‌లోకి వెళ్లి కారు ఉందో లేదో చూసుకున్నాడు. మెట్ల కింద నిలబడి మెల్లగా అన్నాడు.

"వసూ, ఉన్నావా?"

పై గదిలో వసుమతి కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఎక్కడో ఇంకో రాష్ట్రంలో, నేపర్‌విల్‌లో ఒక హాస్పిటల్‌కి ఫార్మసీ డైరెక్టర్ కావాలన్నారు. దరఖాస్తు చాలావరకు నింపింది. పూర్తి పేరు ఉన్న చోట పూర్తి పేరు రాసింది. ఎప్పటినుంచి చేరగలరు అన్న దగ్గర ఆగి ఉంది. కింది నించి పిలుపు మళ్లీ వినపడింది, మళ్లీ పలకలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది, నెమ్మదిగా, మధ్యలో ఒకసారి ఆగి. హరనాథ్ గుమ్మంలో నిలబడ్డాడు. గది ఖాళీగా ఉంటుందని సిద్ధపడి వచ్చినవాడి మొహం అది. ఆమె కుర్చీ అతని వైపు తిప్పుకుంది. అతను ఆమె మొహం వైపు చూశాడు, అడగడానికి ఏదో అనుకుని వచ్చినవాడు అది మర్చిపోయి, అదే ప్రశ్న మళ్లీ అడిగాడు.

"ఉన్నావా?"

"ప్రస్తుతానికి ఉన్నాను" అంది వసుమతి.